టార్ మధ్య రిలే నడుస్తోంది కానీ ట్రాఫిక్ రావడం లేదు, లోపం ఎక్కడ?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అద్దెకు తీసుకున్న సర్వర్‌లో, డెబియన్ (ఒక లైనక్స్ వ్యవస్థ) మీద టార్ (వాడుకరి ఎవరో తెలియకుండా ట్రాఫిక్‌ను రిలేలనే సర్వర్ల గుండా పంపే నెట్‌వర్క్) ఇన్‌స్టాల్ చేసి, అది ఎగ్జిట్ (ట్రాఫిక్‌ను గమ్యానికి చేర్చే చివరి రిలే) కాకుండా మధ్య రిలేగానే ఉండేలా కాన్ఫిగ్ ఫైలులో ఎగ్జిట్‌రిలేను 0గా, ఓఆర్‌పోర్టును (రిలేకు కనెక్షన్లు వచ్చే పోర్టు) 9001గా పెట్టాను. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు తెరిచాక, బయటి నుంచి రిలే అందుబాటులో ఉందన్న సందేశం లాగ్‌లో కనిపించింది. అయినా వారం గడిచినా ట్రాఫిక్ నామమాత్రంగానే ఉంది. మధ్యలో రెండుసార్లు అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేదు. నేను ఎక్కడ పొరబడ్డానో దయచేసి చెప్పండి.

సమాధానం 1:
మీ సెట్టింగుల్లో తప్పేమీ కనిపించడం లేదు; మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మిమ్మల్ని వెనక్కి నెట్టింది. రిలేకు గుర్తింపు దాని ఐపీ చిరునామా వల్ల కాదు, టార్ డేటా డైరెక్టరీలోని కీస్ ఫోల్డర్‌లో ఉండే రహస్య కీల వల్ల వస్తుంది. అవి పోతే నెట్‌వర్క్ దృష్టిలో మీది ఆ రోజే పుట్టిన కొత్త రిలే.

కొత్త రిలే తన వేగం గురించి తాను చెప్పుకునే మాటను టార్ నమ్మదు. నమ్మితే, ఎవరైనా అబద్ధపు వేగం ప్రకటించి ఎక్కువ మంది ట్రాఫిక్‌ను తమవైపు లాక్కోగలరు కదా! అందుకే మొదటి మూడు రోజులు దాదాపు ఖాళీగా ఉంచి, తర్వాత కొలత సర్వర్లు బయటి నుంచి వేగాన్ని పరీక్షిస్తాయి. సుమారు ఎనిమిదో రోజు నుంచి ట్రాఫిక్ పెరుగుతుంది. ఆ తర్వాత గార్డ్ (వాడుకరి మొదట కలిసే రిలే) గుర్తింపు వచ్చినప్పుడు ట్రాఫిక్ ఒక్కసారిగా తగ్గుతుంది. చాలామంది అక్కడే నిరాశపడి రిలేను ఆపేస్తారు, అది నన్ను నిజంగా బాధించే విషయం. క్లయింట్లు తమ గార్డ్‌ను నెలల తరబడి మార్చవు కాబట్టి, కొత్త గార్డ్‌కు వాడుకరులు చేరడానికి సమయం పడుతుంది. పూర్తి స్థాయికి రావడానికి రెండు నెలలు దాటుతుంది.

సమాధానం 2:
పై వివరణతో ఏకీభవిస్తాను. నెలవారీ డేటా పరిమితి ఉంటే వేగాన్ని మరీ తగ్గించకుండా, అకౌంటింగ్‌మ్యాక్స్ (డేటా పరిమితి పెట్టే సెట్టింగు) వాడండి. అయితే అందులో 100 జీబీ అని రాస్తే, అది పంపేదానికి 100, స్వీకరించేదానికి 100 అని గుర్తుంచుకోండి. సర్వర్ గడియారం సరిగా ఉందో లేదో కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. రెండుసార్లూ కీలు పోయాయి, ఈసారి వాటిని వేరే చోట భద్రపరిచాను. ఇంకో సర్వర్‌లో రెండో రిలే కూడా పెట్టవచ్చా?

సమాధానం 1:
తప్పకుండా పెట్టండి. రెండింటి కాన్ఫిగ్ ఫైళ్లలోనూ మైఫ్యామిలీ వరుసలో ఒకదాని ఫింగర్‌ప్రింట్‌ను (కీ నుంచి వచ్చే రిలే గుర్తు) మరొకదానిలో రాయండి. మూడు రిలేల సర్క్యూట్‌లో గార్డ్‌కు వాడుకరి ఎవరో, ఎగ్జిట్‌కు గమ్యం ఏదో మాత్రమే తెలుస్తాయి. ఒకే సర్క్యూట్‌లో ఒకరివే రెండు రిలేలు ఉంటే ఈ రక్షణ బలహీనపడుతుంది; మీ రిలేలు రెండూ ఒకే సర్క్యూట్‌లో పడకుండా మైఫ్యామిలీ వరుస కాపాడుతుంది.