స్టార్‌గేట్ అట్లాంటిస్ మొదలుపెట్టే ముందు ఎస్‌జీ-1 ఎంత చూడాలి?

ప్రశ్న: స్టార్‌గేట్ ఎస్‌జీ-1 అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ పది సీజన్లు, 214 ఎపిసోడ్లు. అంతా పూర్తి చేశాకే దాన్నుంచి పుట్టిన సిరీస్ అట్లాంటిస్ పట్టాలా?

జవాబు 1: అక్కర్లేదండీ. ఏడో సీజన్ చివర వచ్చే 'లాస్ట్ సిటీ' రెండు భాగాలు, ఎనిమిదో సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు చూసి అట్లాంటిస్‌లోకి దిగండి. అట్లాంటిస్ బృందానికి నాయకురాలయ్యే డాక్టర్ వియర్ పరిచయం అక్కడే. 'లాస్ట్ సిటీ'లో ఆ పాత్రలో వేరే నటి ఉంటుంది, కంగారుపడకండి.

జవాబు 2: తర్వాత రెండూ పక్కపక్కనే నడపాలి. ఎస్‌జీ-1 ఎనిమిదో సీజన్, అట్లాంటిస్ మొదటి సీజన్ 2004 జులైలో వారం తేడాతో మొదలయ్యాయి. అందరూ తప్పేది ఒక్కచోట: ఎస్‌జీ-1 ఎనిమిదో సీజన్ చివరి కథ 'మోబియస్' చూడకుండా అట్లాంటిస్ మొదటి సీజన్ చివర వచ్చే 'ద సీజ్' రెండో భాగానికి వెళ్తారు. ఈజిప్టులో దొరికిన జెడ్‌పీఎం (భారీగా శక్తినిచ్చే పరికరం) సంగతి తెలియకపోతే, భూమి నుంచి సైన్యం స్టార్‌గేట్ (గ్రహాల మధ్య ప్రయాణించే ద్వారం) లోంచి ఊడిపడ్డట్టే ఉంటుంది. మన గెలాక్సీలోని గ్రహాలకు గేటు చిరునామాలో ఏడు చెవ్రాన్లు (గుర్తులు) చాలు. అట్లాంటిస్ ఉన్న పెగాసస్ గెలాక్సీకి ఎనిమిదోది కావాలి, దానికి మామూలు కరెంటు సరిపోదు, జెడ్‌పీఎం ఉండాలి.

ప్రశ్న వేసినవారు: మరి పదో సీజన్?

జవాబు 1: అందులో మూడో ఎపిసోడ్ 'ద పెగాసస్ ప్రాజెక్ట్' కథ ఎక్కువగా అట్లాంటిస్ ఉన్న పెగాసస్ గెలాక్సీలోనే నడుస్తుంది. అప్పటికి అట్లాంటిస్ మూడో సీజన్‌లోకి వచ్చేసి ఉండండి. అట్లాంటిస్ నాలుగో సీజన్‌లో ఎస్‌జీ-1 బృందంలోని కార్టర్ అక్కడి కమాండర్‌గా వస్తుంది, కాబట్టి ఎస్‌జీ-1 అప్పటికల్లా ముగించేయండి.