అప్‌డేట్: నాన్నగారి మైట్రల్ వాల్వ్ రిపేర్ తర్వాత

"గుండె పెద్దదైంది, ఈఎఫ్ 50కి పడిపోయింది, ఇప్పుడు ఆపరేషన్ చేయిస్తే లాభముంటుందా?" అని నాలుగు నెలల కిందట అడిగింది నేనే. నాన్నగారికి గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ లీకయ్యేది. ఈఎఫ్ అంటే కింది గది తనలో నిండిన రక్తంలో ఎంత శాతాన్ని ఒక్కో కొట్టుకు బయటికి నెడుతుందో చెప్పే అంకె. చేయించాం. వాల్వ్ మార్చలేదు, రిపేర్ చేసి చుట్టూ రింగు వేశారు.

అసలు భయం డిశ్చార్జికి ముందు తీసిన ఎకోతో (గుండె స్కానింగ్) మొదలైంది. ఈఎఫ్ 40! ఉన్నది కూడా పాడుచేశారనుకుని డాక్టరుగారితో గొడవ పడినంత పని చేశాను. ఆయన ఓపిగ్గా చెప్పారు: లీకు ఉన్నప్పుడు కొంత రక్తం తేలిగ్గా వెనక్కి, పై గదిలోకి పోతుంది కాబట్టి అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఆ దారి మూసేశాక కండరానికి నిజంగా ఎంత బలముందో బయటపడుతుంది. అందుకే వాల్వే పాడై లీకయ్యే ఈ జబ్బులో, ఈఎఫ్ 60కి దిగితే ఆయాసం లేకపోయినా ఆపరేషన్ గురించి ఆలోచించమంటారట. మేం 50 దాకా ఆగాం. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నది నేనే, ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

మధ్యలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) వచ్చింది, మందులతో సర్దుకుంది.

నిన్నటి ఎకోలో లీకు దాదాపు లేదు, ఈఎఫ్ 45. రెండంతస్తులు ఆగకుండా ఎక్కుతున్నారు. గుండె సైజు కొంతే తగ్గింది, హార్ట్ ఫెయిల్యూర్ మందులు మానొద్దన్నారు. మళ్లీ ఎకో ఆరు నెలలకి.