మా సంఘ దర్శనం ఫ్లెక్సీ మీదే ఉండిపోయింది, ఏం చేయాలి?

చిలకలగూడ సెక్రటరీ:
అందరికీ వందనాలు. చిలకలగూడ దగ్గర ఒక క్రైస్తవ సంఘానికి కమిటీ సెక్రటరీని. రైల్వేలో రిటైరై నాలుగేళ్లయింది. మా సంఘంలో 140 కుటుంబాలు.

పోయిన డిసెంబరులో మూడు ఉపవాస ప్రార్థనలు పెట్టుకుని, అందరం కూర్చుని మాట్లాడుకుని ఒక దర్శనం అనుకున్నాం: మన వీధుల్లో ఒంటరిగా బతుకుతున్న మనిషి ఒక్కరు కూడా మనకు తెలియకుండా ఉండకూడదు. కీర్తనలు 68:6లోని ‘ఏకాంగులను సంసారులనుగా చేయువాడు’ (అంటే ఒంటరివాళ్లను ఒక ఇంటివాళ్లుగా చేసేవాడు) అన్న మాటతో పదడుగుల ఫ్లెక్సీ కొట్టించాం. 31 రాత్రి ఆరాధనలో అందరూ చేతులెత్తారు. ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

ఈస్టర్‌కి కొత్త డ్రమ్స్ వచ్చాయి, ఫ్లెక్సీ కింది సగం వాటి వెనక్కి పోయింది. జూన్‌లో వానలకు స్టోర్ రూం కారితే ఎవరో ఆ ఫ్లెక్సీ విప్పి ప్రేమవిందు బియ్యం బస్తాల మీద కప్పారు. ఎవరని నేను అడగలేదు. బియ్యమైతే తడవలేదు.

అసలు బాధ వేరే. మూడో వరసలో ఫ్యాను కింద కూర్చునే పెద్దావిడ ఒకరున్నారు. చర్చి వెనక రెండో గల్లీ. ఆమె 12 రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చేదాకా మాలో ఒక్కరికీ తెలియదు. ఆమె రాని రెండు ఆదివారాలూ నేను అక్కడే కూర్చుని కానుకల లెక్క రాసుకున్నాను, ఆ కుర్చీ ఖాళీగా ఉందని చూడలేదు. ఆమె చేతి మీద సూది పెట్టిన చోట ఇంకా నల్లగా ఉంది. “ఒక్క ఫోన్ చేయకపోయావా అమ్మా” అంటే “మీరంతా పనుల్లో ఉంటారు గదా నాయనా” అంది.

ఇప్పుడు మా పాస్టరు అయ్యగారు ఇదే అంశం మీద మళ్లీ మూడు ఆదివారాలు ప్రసంగిస్తానంటున్నారు. కమిటీలో ఒకాయన కొత్త ఫ్లెక్సీ కొట్టిద్దాం, ఈసారి ఫ్రేము కట్టించి అంటున్నాడు. నాకు రెండిటి మీదా నమ్మకం లేదు. మీ సంఘాల్లో ఏం చేశారో చెప్పండి.

మల్కాజిగిరి స్త్రీల సమాజం:
బ్రదర్, మా అమ్మ వాళ్లది మెదక్ పక్క పల్లె. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన ఉన్న ముంతలో వేసేది. శనివారం ఆ బియ్యం సంచిలో పోసి చర్చికి పంపేవాళ్లు. దాని గురించి ఎవరూ ప్రసంగం చెప్పగా నేను వినలేదు. ముంత పొయ్యి పక్కనే ఉండేది, చెయ్యి దానంతట అదే పోయేది. ఒకసారి మర్చిపోయి నేను కడిగేశాక, తడి బియ్యమే ఒక పిడికెడు తీసి గుడ్డ మీద ఆరబెట్టింది.

మీ దర్శనం మంచిదే గానీ, సోమవారం పొద్దున మీ సంఘంలో ఒక ఆడమనిషి దాని కోసం ఏం చేయాలి? అది ఎవరైనా చెప్పారా? మేము బుధవారం ప్రార్థన అయ్యాక ఇద్దరిద్దరం కలిసి ఒక్క ఇంటికే వెళ్తాం, చేతిలో టిఫిన్ డబ్బా ఉంటుంది. ఖాళీ డబ్బా వెనక్కి తెచ్చుకోవాలి కాబట్టి మళ్లీ వెళ్లక తప్పదు. (స్టీలు డబ్బాలే వాడండి. ప్లాస్టిక్‌వి అయితే వెనక్కి తెచ్చుకోవాలని ఎవరికీ గుర్తుండదు.)

ఉప్పల్ యూత్:
అంకుల్, కోపం తెచ్చుకోవద్దు. ‘ఏకాంగులు’ అంటే ఏంటో మా యూత్‌లో ఎనిమిది మందిని అడిగాను. ఒకడు ఏకాంకిక అన్నాడు, ఇంకొకడు ఏదో జబ్బు అన్నాడు. బైబిల్లో హబక్కూకు 2లో దర్శనాన్ని పరుగెత్తేవాడు కూడా చదవగలిగేలా రాయమని ఉంది కదా, మేం కూర్చుని చదివినా అర్థం కాలేదు.

ఇంకోటి. మీ 140 కుటుంబాల్లో చిలకలగూడలో ఉండేవాళ్లు ఎంతమంది? నేను ఉప్పల్‌లో ఉంటాను, చర్చి సికింద్రాబాద్‌లో. ‘మన వీధి’ అంటే నాకు ఏ వీధి? ఆ గల్లీలో నాకు బైక్ పార్కింగ్ తప్ప ఏం తెలియదు. పైగా మమ్మల్ని కుర్చీలు సర్దడానికి, సౌండ్ సిస్టమ్ మోయడానికే పిలుస్తారు. ఒక ముసలాయన మందులు తెచ్చిపెట్టు అని పేరు పెట్టి ఎవరైనా అడిగితే కాదనేవాళ్లం కాదు.

బైబిల్ స్టడీ మాస్టారు:
తమ్ముడు చెప్పింది నిజం. సెక్రటరీ గారూ, నెహెమ్యా 3వ అధ్యాయం మనం యెరూషలేము గోడ తిరిగి కట్టినవాళ్ల పేర్ల జాబితా అని దాటేస్తాం. ఈసారి పెన్సిలు పట్టుకుని చదవండి. ‘తన ఇంటికి ఎదురుగా’ బాగుచేసుకున్నాడు అని ఎన్నిసార్లు వస్తుందో గీత గీయండి. మెషుల్లాము అనే ఆయనకు ఇల్లు కూడా చెప్పలేదు, తన గదికి ఎదురుగా కట్టాడు. మన హాస్టల్ కుర్రాళ్లలా అన్నమాట. కంసాలులున్నారు, వర్తకులున్నారు, షల్లూము తన కూతుళ్లతో వచ్చాడు. గోడంతా ఏ ఒక్కరికో అప్పగించలేదు. 52 రోజుల్లో పూర్తయింది.

తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి రాలేదు, అదీ రాసి పెట్టాడు. 4వ అధ్యాయంలో గోడ సగం ఎత్తు లేచాకే మోసేవాళ్ల బలం తగ్గిపోయింది, చెత్త ఎక్కువైంది అన్న మాట వస్తుంది. మీకు జూన్‌లో వచ్చింది కూడా అదే. కంగారు పడకండి. మెదక్ చర్చికి 1914లో మొదలుపెడితే 1924 దాకా పట్టింది, అదీ కరువులో.

చిలకలగూడ సెక్రటరీ:
ఆరు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. పాత క్యాలెండర్ వెనకవైపు మా చుట్టూ ఉన్న గల్లీలు గీశాను, 17 వచ్చాయి. తమ్ముడు అడిగిన లెక్క చూస్తే నాకే సిగ్గేసింది: 140లో ఇక్కడ ఉండేవి 46 కుటుంబాలే. దూరంగా ఉండేవాళ్లకు వాళ్ల అపార్ట్‌మెంట్, వాళ్ల వీధి రాసిచ్చాం. ప్రకటనల్లో ‘ఎవరైనా ముందుకు రండి’ అనడం మానేసి, నేనే ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, ‘ఈ గల్లీలో ఒంటరిగా ఉన్నవాళ్లను మీరు చూసుకుంటారా’ అని అడిగాను. 12 గల్లీలకు మనుషులు దొరికారు. తెకోవ పెద్దలు మా దగ్గర కూడా ఒకరున్నారు, “కమిటీ మెంబర్లు ఇంటింటికీ తిరగాలా” అన్నారు. పేరు చెప్పను. అయ్యగారు మాత్రం మూడు ప్రసంగాలను ఒకటి చేసి, ఒక గల్లీ తనకు రాయించుకున్నారు.

రెండో గల్లీ ఎవరికివ్వాలో తోచక ఊరుకున్నాను. పోయిన ఆదివారం ఆ పెద్దావిడే నా దగ్గరికి వచ్చి, “ఆ వీధి నాకియ్యి నాయనా, పాలకు రోజూ పోతూనే ఉంటా” అంది. రాసేశాను. ఆమె దగ్గర బటన్ల ఫోనే ఉంది, వాట్సాప్ గ్రూపు కుదరదు. మల్కాజిగిరి అమ్మా, ఇలాంటివాళ్లకు వీధి సంగతులు రాయడానికి మీరు పుస్తకం ఇస్తారా, నోటితోనే చెప్పించుకుంటారా?