గైడు గారు చాప్టర్లు చదవడం లేదు, రిటైర్మెంట్ దగ్గరపడింది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో బోటనీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, 2023లో చేరాను, ఎర్రచందనం మొలకల మీద పని. తలకోన వైపు రెండు ఎండాకాలాలు తిరిగి డేటా తెచ్చుకున్నాను, రెండు చాప్టర్లు రాసి గైడు గారి చేతికిచ్చి ఐదు నెలలైంది. ఎప్పుడడిగినా "చూస్తాలేమ్మా, వచ్చే వారం రా" అంటారు. సార్ చెడ్డవారు కాదండీ, మొదటి ఏడాది నాతోపాటు కొండెక్కి, మొక్కలు లెక్కపెట్టే ప్లాట్లు ఎలా వేయాలో దగ్గరుండి నేర్పించారు, అందుకే ఫిర్యాదు అనే మాటే నా నోట రావడం లేదు. కానీ వచ్చే ఏడాది రిటైరవుతున్నారు, టెన్షన్ అంతా అక్కడే.

యూజీసీ 2022 నిబంధనలు చదివాను. కోర్స్ వర్క్‌తో కలిపి గడువు ఆరేళ్లు. గైడు రిటైరయ్యాక 70 ఏళ్లు వచ్చేదాకా కో-గైడుగా ఉండొచ్చట, అంటే అసలు గైడుగా ఇంకొకరు రావాల్సిందే కదా? ప్రతి సెమిస్టర్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి, సమస్య అక్కడ చెప్పుకుందామంటే ఆ కమిటీకి కన్వీనర్ మా సారే.

ఇంట్లో చెబితే, మాది చిత్తూరు దగ్గర పల్లె, "పెద్దాయన, ఓపిక పట్టు" అంటున్నారు అమ్మ.

గైడు మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు సార్‌తోనే మాట్లాడాలా, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్లాలా? కొత్త గైడు వస్తే టాపిక్ మార్చమంటారా? సార్ మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా మొదలుపెట్టాలి?