పాత కాటన్ చీరలతో బొంత: ఎన్ని పొరలు, ఎలాంటి కుట్టు, ముడతలు రాకుండా ఏం చేయాలి?

గూటిదీపం (ప్రశ్న)

దీపావళి అయ్యాక పొద్దు కురచైపోతుంది కదండీ. ఆరింటికే తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చునే ఆ రోజుల్లో బొంతలు కుట్టాలని ఉంది. ధనుర్మాసం వచ్చేసరికి రెండు సిద్ధం కావాలి. ఊరు ఆదిలాబాద్ వైపు, చలి గట్టిగానే ఉంటుంది.

చేతిలో ఉన్నవి ఏడు పాత కాటన్ చీరలు (రెండు వెంకటగిరి, మూడు మంగళగిరి, రెండు జరీ అంచు నారాయణపేట), నాలుగు మీటర్ల పంచెలు రెండు. నమూనాకి రెండడుగుల ముక్క నాలుగు పొరలు వేసి కుడితే మూడు తప్పులు తేలాయి. పైపొర ముడతలు పడింది, దారం నాలుగు చోట్ల తెగింది, అడుగుపొర ఒక పక్కకి బెత్తెడు జరిగిపోయింది. వరుసకీ వరుసకీ మధ్య అంగుళం వదిలాను.

ఎన్ని పొరలు వేయాలి? చీరల్ని ఎలా కోస్తే వృథా తక్కువ? చేత్తోనే కుట్టాలా, మిషను మీద వేయొచ్చా? బూరుగుదూది ఉంది, మధ్యలో పరవచ్చా?

చీరంచు

మీరు చెప్పిన మూడింట్లో దారం ఒక్కటే కుట్టు తప్పు. మిగతా రెండూ పరచడంలో వచ్చినవి. బొంతకి సగం పని సూది పట్టకముందే ఉంటుంది, అందుకే ఈ భాగం వివరంగా రాస్తున్నాను.

ముందు బూరుగుదూది మాట. వద్దండీ. దాని పీచు నున్నగా ఉండి ఒకదానికొకటి పట్టుకోదు, నెల తిరక్కుండా మూలలకి చేరి ఉండలు కడుతుంది. పైగా ఉతకడానికి ఉండదు. అది దిండుకి మంచిది. బొంతకి వెచ్చదనం పొరల మధ్య నిలిచే గాలి వల్ల వస్తుంది, దూది అక్కర్లేదు.

చీరలన్నీ వేడినీళ్లలో నానబెట్టి ఉతికి గంజి పూర్తిగా వదిలించండి. గంజి మిగిలితే దాచిన చోట బొద్దింకలు కొరుకుతాయి. రంగు వదిలే చీరని విడిగా పెట్టి, తడిగా ఉన్నప్పుడు తెల్లగుడ్డతో రుద్ది చూడండి. మూడు ఉతుకుల తర్వాత కూడా గుడ్డకి రంగు అంటుతుంటే దాన్ని వాడకండి, మొదటి ఉతుకులోనే బొంతంతా మరకలవుతుంది.

తర్వాత బలం చూడాలి. రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి గుడ్డని అడ్డంగా ఒక్కసారి లాగండి. చప్పుడు లేకుండా నిలబడితే పైపొరకి, అడుగుపొరకి పనికొస్తుంది. చిటపట మంటే లోపలిపొరకి. చిరిగితే తుడుపుగుడ్డకి. ఫాల్ కుట్టిన వైపు, మడమల దగ్గర చీర ముందుగా నలుగుతుంది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే పలచబడ్డ చోటు కనిపిస్తుంది.

జరీ అంచులు కోసేయండి. నారాయణపేట జరీ మెడకి గీసుకుంటుంది, సూది కూడా సరిగా దిగదు. ఆ అంచులు వేరే పనికి దాచుకోవచ్చు.

ఇక కోత. చీర ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పన్నా (గుడ్డ వెడల్పు) 45, 46 ఉంటుంది. 60 అంగుళాల చొప్పున కోస్తే చీరకి మూడు ముక్కలు, కొంగు వైపు 36 మిగులు. అంచులు తీసేశాక రెండు ముక్కల్ని పన్నా పక్కన పన్నా పెట్టి అతికితే ఐదడుగుల వెడల్పు, దాదాపు ఏడడుగుల పొడవున్న ఒక పొర వస్తుంది. ఏడు చీరలకి 21 ముక్కలు, అంటే పది పొరలు. ఐదేసి పొరల బొంతలు రెండు తేలతాయి. పంచెలు రెండూ లోపలిపొరలకి అదనం, నలిగిన ముక్కల బదులు వాటిని పెట్టండి. ఐదు పొరల బొంత కిలోన్నర లోపే తూగుతుంది. మీ చలికి ఆరో పొర వేసుకోవచ్చు. ఏడు దాటితే మాత్రం సూది ఒక్కసారికి ఒక్క కుట్టే తీస్తుంది, వేళ్లు పోతాయి.

అడుగుపొర ఒక్కటి మాత్రం 64 అంగుళాలకి కోయండి, దానికి సాదా అంచు మంగళగిరి బాగుంటుంది. పన్నాలో కూడా అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. చివర్లో దాన్నే పైకి మడిచి కుడితే వేరే గోటు (అంచుపట్టీ) అక్కర్లేదు. పైకి వెంకటగిరి పెట్టండి, మెత్తన.

పైపొరకీ అడుగుపొరకీ మాత్రమే అతుకు కుట్టాలి. లోపలివాటిని కుట్టకుండా అంగుళం మేర ఒకదాని మీద ఒకటి వేస్తే చాలు. అతుకులన్నీ ఒకే గీత మీద పడకూడదు, ఒక్కో పొరకి బెత్తెడు జరపండి. జరిపినందువల్ల కొసన వచ్చే ఖాళీకి కొంగు ముక్క సరిపోతుంది. ఇది చేయకపోతే నడుం కింద తాడులా గట్టు తగులుతుంది.

పరిచేటప్పుడు నేల ఊడ్చి, అడుగుపొర తిరగేసి వేసి, నాలుగు మూలలా, మధ్యల్లో టేపు అంటించండి. ముడత పోయేంతే లాగాలి. సాగదీస్తే టేపు తీయగానే అది వెనక్కి ముడుచుకుని పైపొర వదులవుతుంది. మీ నమూనాలో ముడతలకి కారణం ఇదే అయ్యుంటుంది. ప్రతి పొరనీ ఇస్త్రీ చేసి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో సాపు చేయండి. నీళ్లు చిలకరించి పరిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా చేస్తే పూర్తిగా ఆరాకే సూది పెట్టాలి.

ఇప్పుడు కచ్చాకుట్టు, అంటే పొరలు కదలకుండా తాత్కాలికంగా పట్టి ఉంచే కుట్టు. వేరే రంగు దారంతో, రెండంగుళాల కుట్లతో, నడిమధ్య నుంచి ముందు ప్లస్ ఆకారంలో, తర్వాత మూలలకి, ఆ తర్వాత బెత్తెడుకొక వరుస. రెండు గంటల పని. దీన్ని ఎగ్గొడితేనే అడుగుపొర జరిగిపోయేది.

పోగుముడి

చీరంచు గారు పరచడం చెప్పేశారు, నేను సూది దగ్గర్నుంచి.

దబ్బనం తీసుకోకండి. అది గోనెసంచులకి, పాతచీరలో అది చేసిన కన్నం పూడదు. రెండు, రెండున్నర అంగుళాల పొడవున్న, కన్ను పెద్దదైన సూది కావాలి. కొట్లో నంబరు అడిగితే ఒకటి గుర్తుంచుకోండి: చేతిసూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం, మిషను సూదుల్లో లావు.

దారం కాటన్‌దే. పాలియెస్టర్ దారం గట్టిదే, కానీ పాతగుడ్డ కంటే గట్టిది కావడమే తప్పు. లాగుడు పడినప్పుడు దారం తెగదు, గుడ్డ కోసుకుపోతుంది. తెగిన దారం మళ్లీ కుట్టుకోవచ్చు. ఒంటిపోగు లావు దారమైతే ఒక బొంత వరుసలకి 110 మీటర్లు, కచ్చాకి, అంచులకి కలిపి 160 దాకా పడుతుంది.

మీ దారం తెగడానికి ఎక్కువ అవకాశం పోగు పొడవు. రెండు మూరలకి మించి తీస్తే మొదటి మూర దారం చివరి కుట్టు వచ్చేసరికి వందసార్లు గుడ్డలోంచి దూరి నూగు లేస్తుంది. రెండు మూరలే కోసి, తేనెమైనం మీదుగా రెండుసార్లు లాగి, వేళ్ల మధ్య రుద్దండి. కొవ్వొత్తి మైనం పెళుసు, పొడిగా రాలి గుడ్డ మీద చారలు పడతాయి.

ముడి పైకి కనిపించకూడదు. వరుస మొదలుకి అంగుళం అవతల పైపొర మీద సూది గుచ్చి, పైపొర కిందుగా తెచ్చి మొదలు దగ్గర పైకి తీయండి. దారం చిన్నగా గుంజితే ముడి పైపొర దాటి లోపలికి దూకుతుంది, చిన్న 'టప్' మని వినిపిస్తుంది. పాతగుడ్డ కనక మెల్లిగా. పోగు అయిపోయేటప్పుడు ఒక వెనక్కుట్టు వేసి, సూదిని పొరల మధ్యగా రెండంగుళాలు పోనిచ్చి పైకి తీసి కత్తిరించండి.

కుట్టు పావంగుళం. సూది మీద మూడు నాలుగు కుట్లు పోగయ్యాక లాగాలి. ప్రతి లాగుడుకీ ఎడమచెయ్యి కింద పెట్టి, బొటనవేలితో వరుసని వెనక్కి సాపు చేయండి. వరుస పక్కన చిన్న గుంటలు కనపడాలి, గట్టు కనపడకూడదు. గట్టు లేచిందంటే దారం బిగిసింది.

అంగుళం దూరం వద్దండీ, ఒకటిన్నర చాలు. దగ్గర దగ్గరగా కుడితే పొరలు అదిమేసి గాలి ఉండదు, గట్టిపడుతుంది గానీ వెచ్చన తగ్గుతుంది. రెండున్నర దాటితే ఉతికినప్పుడు లోపలిపొర ముద్దవుతుంది. ఒకటిన్నర లెక్కన ఐదడుగుల వెడల్పుకి నలభై వరుసలు. వరుసకి అరగంట వేసుకుంటే మొత్తం ఇరవై గంటలు. రోజుకి గంట కూర్చుంటే కార్తీక పౌర్ణమి దాటిన వారానికి ఒకటి పూర్తవుతుంది. రెండోదాన్ని ధనుర్మాసం లోపల ముగించాలంటే రోజుకి గంట పైనే పట్టాలి.

నడిమి వరుస ముందు కుట్టి, అక్కడి నుంచి రెండు వైపులకీ వెళ్లండి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న సముదాయం) ఆడవాళ్లు కుట్టే కావండి అనే అతుకుల బొంత ఒక మూల నుంచి మొదలై అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ మధ్యకి చేరుతుంది. చూడ్డానికి ఎంతో అందం. అయితే వాళ్లు పైముక్కల్ని కుడుతూ కుడుతూ పెట్టుకుంటూ పోతారు కాబట్టి మిగులు ఎక్కడికక్కడ సర్దుకుంటుంది. మనం నిండు చీర పైన పరిచి చుట్టుకుట్టు వేస్తే ఆ మిగులంతా మధ్యకి తోసుకొచ్చి బుడగ లేస్తుంది.

దర్జీలు నడిమివేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ కొనుక్కోండి. ఐదు పొరలకి అది లేకుండా రెండో రోజుకే వేలు వాచిపోతుంది. వెలుతురు ఎడమచేతి వైపు నుంచి రావాలి (కుడిచేత్తో కుట్టేవాళ్లకి). ముదురు రంగు వరుసలు పొద్దున కిటికీ దగ్గర, లేతరంగువి రాత్రి దీపం కింద పెట్టుకుంటే కళ్లకి హాయి.

పెడల్ మిషను

మిషను మీద కుట్టొచ్చు, కానీ నాలుగు పొరల వరకే. 18 నంబరు సూది, కుట్టు పొడవు నాలుగు మీద పెట్టండి, పాదం ఒత్తిడి తగ్గించండి. మామూలు పాదం పైపొరని ముందుకు తోస్తుంది, కింద పళ్లు అడుగుపొరని వెనక్కి లాగుతాయి. అందువల్ల వరుస చివరికొచ్చేసరికి పైన అంగుళం మిగిలిపోతుంది. వాకింగ్ ఫుట్ (పైపొరని కూడా అడుగుపొరతో సమానంగా జరిపే పాదం) వేస్తే ఈ బాధ చాలావరకు పోతుంది. కుట్టు చిన్నది పెట్టారంటే పాతచీర మీద పోస్టల్ స్టాంపు అంచులా కన్నాలు పడి ఆ గీత వెంట చిరుగుతుంది. అతుకులు, చివరి అంచుమడత మిషను మీద వేసి, లోపల చేత్తో కుట్టడం నా సలహా.

గూటిదీపం

అందరికీ నమస్కారాలండీ. నమూనా ముక్కని మళ్లీ టేపు వేసి, కచ్చా వేసి, ఒకటిన్నర దూరంలో కుట్టాను. ముడతలు లేవు, దారం తెగలేదు. ఒక్కచోట మాత్రం రెండు వరుసల మధ్య అరచేతంత ఉబ్బు ఉంది. అది విప్పాలా? ఇంకోటి, ఐదు పొరలు మా చలికి చాలకపోతే గొంగడి కప్పుకోవచ్చా, లేక ఆరో పొర వేయాల్నా? పసిబిడ్డకి చిన్నది కూడా కుట్టాలి. ఉతకడం ఎట్లాగో చెప్పండి.

నల్లగొర్రె

గొంగడి ఉంటే ఆరో పొర ఎందుకండి. బొంత ఒంటికి, గొంగడి దాని మీద. గొంగడి ఉన్ని గరుకు, నేరుగా కప్పుకుంటే దురద పెడ్తది, బొంత అడ్డం ఉంటే ఆ బాధ లేదు. మీద గొంగడి ఉంటే బొంతల వేడి బయటికి పోదు.

కొత్తది కొంటే అట్టలెక్క బిర్రుగ ఉంటది, భయపడకుండ్రి. కురుమలు నేసేటప్పుడు చింతగింజల గంజి పెడ్తరు, వాడంగ వాడంగ మెత్తబడ్తది. వేడినీళ్లల్ల మాత్రం ఎయ్యద్దు, పిండద్దు. ఉన్ని కుంచించుకపోతది, మళ్ల సాగదు. ఎండకేసి కట్టెతోని దులుపుడే. దాచేటప్పుడు గొంగడిని, బొంతను ఒక్క పెట్టెల పెట్టకుండ్రి. పురుగు ఉన్నిని పడ్తది, ఆ గుడ్లు దులపక బొంత మడతలల్ల మిగుల్తయి.

చీరంచు

ఉబ్బు అరచేతంతే అయితే విప్పక్కర్లేదు. దాని మధ్యగా ఇంకో చిన్న వరుస వేయండి, సరిపోతుంది. అదే జానెడు ఉంటే ఆ పక్కనున్న రెండు వరుసల్ని అక్కడికి మాత్రం విప్పి, అరచేత్తో అంచుకి సాపు చేసి మళ్లీ కుట్టాలి. నీళ్లు చల్లి ఇస్త్రీ పెట్టెతో అణచకండి. అప్పటికి పోయినట్టే ఉండి మొదటి ఉతుకుతో తిరిగి లేస్తుంది.

పసిబిడ్డకి పంచె ముక్కలు మూడు పొరలు, 30 అంగుళాలకి 36. జరీ, గుండీ, లేసు ఏవీ వద్దు. దారం కొసలన్నీ పొరల లోపలికి పోవాలి, వేలాడే పోగు చిన్నవేలికి చుట్టుకుంటుంది. అది ఒళ్లో వేసుకోవడానికి, మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరవడానికి. ఏడాది లోపు బిడ్డ పడుకున్నప్పుడు మీద బొంత కప్పకండి, మొహం మీదికి జరిగితే తీసుకోలేరు. చలికి ఒంటికి చొక్కా మీద చొక్కా వేయడమే మేలు.

ఉతుకు చలికాలానికి ఒకసారి చాలు, సంక్రాంతి వెళ్లాక ఎండ ముదిరినప్పుడు. టబ్బులో చల్లనీళ్లు, కొంచెం సబ్బుపొడి, అరగంట నాననిచ్చి కాళ్లతో తొక్కండి. తడిసిన బొంత మూడు నాలుగు కిలోలవుతుంది. ఒక కొస పట్టుకుని ఎత్తితే ఆ బరువుకి కుట్లు పటపట తెగుతాయి. కింద రెండు చేతులూ పెట్టి ముద్దగా ఎత్తాలి. ఒకే తాడు మీద వేయకుండా మూరెడు ఎడంగా కట్టిన రెండు తాళ్ల మీద పరవండి, మధ్యలో గాలి ఆడి లోపలిపొర కూడా ఆరుతుంది. పైన ఆరినట్టు అనిపించినా రెండోరోజు కూడా ఎండ చూపించండి. మడిచేముందు అతుకుల దగ్గర చెంప ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక ఎండిన వేపాకు పలుచటి గుడ్డలో మూటకట్టి మడతల మధ్య పెట్టుకోండి.