అప్‌డేట్: సిలువ మీది నాలుగో మాట, 22వ కీర్తన

చిత్తూరులో గుడ్ ఫ్రైడే ఆరాధనకు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాలుగోదాని మీద ధ్యానం సిద్ధం చేస్తూ ఇక్కడ అడిగాను: "నన్నెందుకు చెయ్యి విడిచితివి" (మత్తయి 27:46) అన్నాక, ఇక తండ్రికి అప్పగించుకోవడం ఎక్కడుంది అని. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనికొచ్చిన సలహా ఒక్కటే: 22వ కీర్తన మొత్తం చదవమన్నది. మా పాస్టరుగారూ అదే చెప్పారు. ఆ కేక ఆ కీర్తన మొదటి వచనమే. చాలామంది వస్త్రాలు పంచుకున్న 18వ వచనం దగ్గర, ప్రవచనం నెరవేరిందని చెప్పి ఆపేస్తారు. అక్కడ ఆపితే అసలు సంగతి పోతుంది. 22 నుంచి స్తుతి మొదలవుతుంది, దేవుడు బాధపడేవాడికి ముఖం దాచలేదని 24 చెబుతుంది. కాబట్టి ముందు 31 వచనాలూ నిదానంగా బయటికి చదివి, తర్వాతే ధ్యానం మొదలుపెట్టాలి.

ఇంకొకటి, నాకు చాలా విలువైనది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రార్థిస్తూ "నీ చిత్తమే" అన్నవాడే (మార్కు 14:36) ఇక్కడ కేక వేశాడు, అప్పుడు కూడా "నా దేవా" అనే పిలిచాడు. ఏడో మాటా, "నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను" (లూకా 23:46), కీర్తనే, 31:5. అప్పగించుకోవడమంటే నొప్పిని మింగెయ్యడం కాదు, ఆయనకే చెప్పుకోవడం.