స్ట్రైప్డ్ బాస్: వసంతంలో పట్టి వదిలేయడాన్ని కూడా ఆపాలా?

రారిటన్ ఒడ్డు (చర్చ ప్రారంభించినవారి మారుపేరు)

మార్చి నెలాఖరుకు న్యూజెర్సీ తీరాన రారిటన్ అఖాతంలో నీరు కాస్త వేడెక్కగానే బంకర్ అనే ఎరచేపల గుంపులు లోపలికి వస్తాయి, వాటిని తినే స్ట్రైప్డ్ బాస్ చేప (స్ట్రైపర్ అని కూడా అంటాము) వాటి వెనకే వస్తుంది. కీపోర్ట్ మొదలుకొని శాండీ హుక్ దాకా ఒడ్డున గాలాలు వేసేవారిలో ఎడిసన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు కూడా ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నారు కనుక, ఈ ప్రశ్నను తెలుగులోనే నిదానంగా చర్చించుకోవడం అవసరమని నా అభిప్రాయం.

తెలియనివారి కోసం నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. అట్లాంటిక్ తీర రాష్ట్రాల ఉమ్మడి మత్స్య కమిషన్ కోసం చేసిన శాస్త్రీయ అంచనా 2019లో వెలువడినప్పుడు, ఈ చేప సంతతి ఉండవలసిన స్థాయికంటే తగ్గిపోయిందని, వేట కూడా మితిమీరి సాగుతోందని తేలింది. 2029 నాటికి సంతతిని తిరిగి నిలబెట్టాలన్నది లక్ష్యం. అందుకోసమే 2023 మే నెలలో స్లాట్‌ను, అంటే ఇంటికి తీసుకువెళ్లదగిన చేప పొడవు హద్దును, 28 నుంచి 31 అంగుళాలకు కుదించారు. సముద్ర తీరంలో మనిషికి రోజుకు ఒక్క చేప మాత్రమే, అదీ ఆ కొలతల మధ్య ఉంటేనే. 2025 అక్టోబరులో మరో 12 శాతం కోత విధించాలన్న ప్రతిపాదన కమిషన్ బోర్డు ముందుకు వచ్చింది కాని ఆమోదం పొందలేదు.

ఆ ప్రతిపాదన పక్కకు పోయినా, అందులో తలెత్తిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కొన్ని వారాలపాటు చేపను ఇంటికి తీసుకువెళ్లడాన్ని నిషేధిస్తే చాలునా, లేక ఆ వారాల్లో స్ట్రైపర్ కోసం గాలం వేయడమే నిషేధించాలా? మొదటి పద్ధతిలో పట్టి వదిలేసేవారికి ఆటంకం ఉండదు. రెండవ పద్ధతిలో అందరూ ఆగవలసిందే. మీ అభిప్రాయాలను కారణాలతో రాయమని కోరుతున్నాను.

కేప్ కాడ్ కాలువ గట్టు

గాలం వేయడమే ఆపాలని నేను నమ్ముతున్నాను. పట్టి వదిలేస్తే చేపకు హాని లేదన్న భావన మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఒక్క చేపను ఇంటికి తీసుకువెళ్లే మనిషిని తప్పుగా చూస్తూ, అదే రోజు ఇరవై చేపలను వదిలేసిన మనిషిని ఆదర్శంగా చూస్తున్నాము. వదిలేసిన చేపల్లో సగటున 9 శాతం చనిపోతాయన్న అంచనాతోనే కమిషన్ శాస్త్రవేత్తలు లెక్కలు కడతారు. ఆ లెక్కన ఇరవై చేపలను వదిలేసిన మనిషి దాదాపు రెండు చేపల మరణానికి కారణమవుతాడు, ఆ రెండూ ఎవరి కంచంలోకీ రావు. 2017లో వేట వల్ల చనిపోయిన మొత్తం స్ట్రైప్డ్ బాస్‌లో 48 శాతం ఇలా వదిలేశాక చనిపోయినవేనని లెక్క తేలింది. మన సరదా వేటగాళ్ల వాటాలో అన్నిటికంటే పెద్ద భాగం ఇదే అయినప్పుడు, దీన్ని ముట్టుకోకుండా కేవలం ఇంటికి తీసుకువెళ్లడాన్ని ఆపితే ఫలితం సగమే ఉంటుంది.

వసంతంలో వచ్చే పెద్ద ఆడచేపల సంగతి వేరుగా చెప్పాలి. ఆరేళ్ల ఆడచేప దాదాపు 5 లక్షల గుడ్లు పెడితే, పదిహేనేళ్లది 30 లక్షలకు పైగా పెడుతుంది. హడ్సన్ నదిలోకి గుడ్లు పెట్టడానికి వెళుతున్న అలాంటి చేపను సన్నని దారంతో అలిసిపోయేదాకా ఆడించి, దవడ పట్టుకుని నిలువునా వేలాడదీసి, ఫొటో కోసం నిమిషాల తరబడి గాలిలో ఉంచడం నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. అది ఈదుకుంటూ వెళ్లిపోయినంత మాత్రాన బతికినట్టు కాదు.

కూర కోసం ఒక్కటి

కేప్ కాడ్ మిత్రులు చెప్పిన లెక్కతో నాకు విభేదం లేదు. దాన్నుంచి వారు తీసిన ముగింపుతోనే ఉంది. నేను చేపను తినడానికే పడతాను. స్లాట్‌లో పడే ఒక్క చేప దొరికితే ఆ రోజుకు గాలం చుట్టేస్తాను, ఇంట్లో చింతపండు పులుసు పెట్టుకుంటాము. ఇది స్ట్రైప్డ్ బాస్‌కు అవమానమేమీ కాదు. 1639లోనే మసాచుసెట్స్ వలస పాలకులు ఈ చేపను, కాడ్ చేపను పొలాలకు ఎరువుగా వాడకూడదని చట్టం చేశారంటే, మనుషుల ఆహారంగా దానికున్న విలువను గుర్తించారన్నమాట.

నా అభ్యంతరం ఇది. నిషేధం పేరుతో ఏ నియమం వచ్చినా ముందుగా దెబ్బ తినేది వారానికి ఒక్కరోజు సెలవు దొరికి, పడవ లేక ఒడ్డున నిలబడి, కూరకు ఒక చేపను ఆశించే మనిషే. పడవ, సోనార్ తెర ఉన్నవారు ఉదయం నుంచి సాయంత్రం దాకా గుంపుల మీద గుంపులు వెతుక్కుంటూ పట్టి వదిలేస్తూ, తామే చేపను కాపాడుతున్నామని చెప్పుకుంటారు. స్లాట్‌ను ఇరుకు చేసిన కొద్దీ వదిలేయవలసిన చేపల సంఖ్య పెరుగుతుందన్న సంగతిని ఎందుకు పట్టించుకోరు? పట్టిన మొదటి రెండు మూడు చేపలతో ఆగిపోవాలనే పరిమితి పెట్టండి, నేను మొదటివాడిగా ఒప్పుకుంటాను. పూర్తిగా ఆపాలంటే మాత్రం, ఆ త్యాగంలో నా వాటా ఎంత, రోజంతా వదిలేసేవారి వాటా ఎంత అన్నది తేల్చి చెప్పండి.

ఒక్క మాట ఇదే సందర్భంలో చెప్పాలి. హడ్సన్‌లో దశాబ్దాలపాటు కలిసిన పీసీబీ అనే విషపూరిత పారిశ్రామిక రసాయనాల కారణంగా అక్కడి వాణిజ్య స్ట్రైపర్ వేటను 1976లోనే మూసివేశారు. పిల్లలు, గర్భం దాల్చే వయసున్న స్త్రీలు ఆ నది చేపలను తినకూడదని ఆరోగ్యశాఖ చాలా కాలంగా సూచిస్తోంది. తినేవాళ్లం కనుక ఇది మనకు ముందుగా తెలియాలి.

పడవ పని

నేను వేటపడవ మీద పనిచేస్తాను కనుక అమలు గురించే రాస్తాను. మే నెలలో అదే అఖాతంలో, అదే ఎరకు బ్లూఫిష్ పడుతుంది, వీక్‌ఫిష్ కూడా పడుతుంది. నేను బ్లూఫిష్ కోసమే గాలం వేశానని ఒక మనిషి చెబితే, కాదని అధికారి ఎలా నిరూపిస్తాడు? పెట్టెలో చేప ఉందా లేదా అన్నది తెరిచి చూస్తే తెలుస్తుంది, మనసులో ఏ చేప ఉందో తెలియదు. తీరం నుంచి మూడు మైళ్లు దాటిన సమాఖ్య జలాల్లో 1990 నుంచి స్ట్రైపర్ వేట నిషేధంలో ఉంది. అక్కడ కూడా ఈ చిక్కు తప్పడం లేదు. అమలు చేయలేని నియమం పెడితే నియమాన్ని గౌరవించేవారు మాత్రమే నష్టపోతారు.

చెసపీక్ పాయ

ఇప్పటివరకు మాట్లాడినదంతా రారిటన్, కేప్ కాడ్ ఒడ్డుల నుంచి. ఈ తీరం వెంట తిరిగే స్ట్రైప్డ్ బాస్‌లో అత్యధిక భాగం పుట్టేది చెసపీక్ అఖాతంలోకి వచ్చే నదుల్లో. హడ్సన్, డెలావేర్ నదుల వాటా ముఖ్యమైనదే అయినా చిన్నది. అందువల్ల ప్రశ్నను అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

మేరీలాండ్ రాష్ట్రం 1954 నుంచి ఏటా వేసవిలో పొటోమాక్, చోప్‌టాంక్, నాంటికోక్ నదుల్లోనూ అఖాతం ఎగువ భాగంలోనూ ఒడ్డు నుంచి వల లాగి, ఆ ఏడాది పుట్టిన పిల్లలను లెక్కిస్తుంది. దీర్ఘకాలపు సగటు వలకు దాదాపు 11 పిల్లలు. 2019 నుంచి ఏటా ఆ సంఖ్య నాలుగుకు అటూ ఇటూగానో అంతకంటే తక్కువగానో ఉంటోంది. 2023లో అది 1.0, 2024లో 2.0. ఇన్నేళ్లు వరుసగా పిల్లలు సరిగా దక్కకపోవడం ఈ చర్చలో అన్నిటికంటే బరువైన వాస్తవం.

దీనికి గాలం ప్రధాన కారణం కాదు. స్ట్రైప్డ్ బాస్ గుడ్లు నీటిలో సగం తేలుతూ సగం మునుగుతూ కొట్టుకుపోతాయి. అవి పిల్లలయ్యేదాకా అడుగున బురదలో పడకుండా మోసుకుపోయే ప్రవాహం కావాలి. పొదిగిన పిల్లలకు సరిగ్గా ఆ రోజుల్లోనే సూక్ష్మజీవుల ఆహారం దొరకాలి. చలి తక్కువగా, మంచు, వానలు తక్కువగా ఉన్న శీతకాలం తర్వాత వచ్చే వసంతంలో నీరు ముందే వేడెక్కి, నదిలో ప్రవాహం తగ్గి, ఆహారం ఒక వేళకు, పిల్లలు మరో వేళకు వస్తాయి. ఇటీవలి సంవత్సరాల్లో జరుగుతున్నది ఎక్కువగా ఇదే. ఏ కమిషనూ వాన కురిపించలేదు.

అయితే అంతమాత్రాన వేట నియమాలు దండగ అనేవారితో నేను ఏకీభవించను. ఇదివరకు ఇలాగే జరిగింది. 1970ల చివర నుంచి సంతతి కుప్పకూలినప్పుడు 1984లో సమాఖ్య ప్రభుత్వం స్ట్రైప్డ్ బాస్ పరిరక్షణ చట్టం చేసింది, 1985లో మేరీలాండ్ పూర్తి నిషేధం విధించింది. ఆ నిషేధం 1990 దాకా సాగింది. అప్పుడు అనుసరించిన ఆలోచన చాలా సూటిగా ఉండేది: 1982లో పుట్టిన, కాస్త మెరుగైన తరాన్ని, అందులోని ఆడచేపల్లో నూటికి తొంభై అయిదు కనీసం ఒక్కసారి గుడ్లు పెట్టేదాకా కాపాడాలి. 1989లో అనుకూలమైన వసంతం వచ్చేసరికి నదిలో గుడ్లు పెట్టడానికి తగినన్ని తల్లిచేపలు ఉన్నాయి, ఆ ఏటి లెక్క 25 దాటింది. 1995లో సంతతి కోలుకుందని ప్రకటించారు. మంచి ఏడాది ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. అది వచ్చిన నాడు నదిలో తల్లిచేపలు మిగిలి ఉండేలా చూడడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

ఇప్పుడు స్లాట్ గుండా సాగుతున్నది 2018 తరం. దాని వెనక 2019 నుంచి పుట్టినవన్నీ బలహీనమైన తరాలే. ఇవి స్లాట్ దాటిపోయాక మన గాలాలకు తగిలే చేపల్లో పెద్దవే ఎక్కువగా ఉంటాయి, వాటన్నిటినీ వదిలేయవలసిందే, అందులో కొన్ని చనిపోతాయి. పట్టి వదిలేయడం గురించిన ప్రశ్న రానున్న సంవత్సరాల్లో మరింత తీవ్రమవుతుందే కాని తగ్గదు.

కోనసీమ గాలం

మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లవు. కాకినాడలోనో అంతర్వేదిలోనో ఆ రెండు నెలలు పడవలను కట్టివేసి కూర్చునేవారికి చేపల వేట సరదా కాదు, పూట గడిచే ఆధారం. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేల రూపాయలు. అంతటి పేదవారు రెండు నెలలు ఆగగలిగినప్పుడు, వారాంతపు ఆనందం కోసం చేపలు పట్టే మనం కొన్ని వారాలు ఆగలేమని వాదించడం నాకు బాధ కలిగిస్తోంది.

చెసపీక్ పాయ

కోనసీమ గారూ, మీ మాటలోని నైతిక బలాన్ని ఒప్పుకుంటాను. కాని అదే ఉదాహరణలో మరో పాఠం ఉంది. స్ట్రైప్డ్ బాస్ లాగే సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే మన పులస, గోదావరికి ఎర్రనీరు వచ్చాక, జూలై నుంచి సెప్టెంబరు లోపల ధవళేశ్వరం వైపు వస్తుంది. అప్పటికి 61 రోజుల నిషేధం ముగిసిపోయి ఉంటుంది. అంటే ఆ నిషేధం ఎన్ని చేపలకు మేలు చేసినా, పులస గుడ్లు పెట్టడానికి వచ్చే దారిలో దాన్ని కాపాడడం లేదు. నిషేధం ఎన్ని రోజులన్నది కాక, ఆ చేప ఏ నెలలో ఏ నీటిలో ఉంటుందో చూసి పెట్టిందా అన్నదే అసలు విషయం.

రారిటన్ ఒడ్డు

ఇప్పటిదాకా వచ్చిన వాదనలను చదివాక నా అభిప్రాయం స్పష్టమైంది. తీరమంతటా వసంతంలో గాలమే వేయరాదన్న నియమాన్ని నేను సమర్థించను. పడవ పని గారు చెప్పిన అమలు చిక్కుకు ఇక్కడ ఎవరూ సరైన జవాబు ఇవ్వలేదు. కాని గుడ్లు పెట్టే నదీభాగాలు వేరు. డెలావేర్ నదిలో ఆ భాగంలో ఏప్రిల్, మే నెలల్లో చేపను ఉంచుకోవడం న్యూజెర్సీ ఇప్పటికే నిషేధించింది. అక్కడ పట్టి వదిలేయడాన్ని కూడా ఆ రెండు నెలలు ఆపాలి, హడ్సన్ ఎగువన కూడా అదే చేయాలి. ఆ ఇరుకు నీటిలో పెద్ద గాలంతో, బతికున్న చేప ఎరతో నిలబడిన మనిషి మరేదో చేప కోసం వచ్చానని చెప్పడం కష్టం కనుక అమలూ సాధ్యమే.

అఖాతంలో మాత్రం పట్టే పద్ధతినే మార్చాలి. ఎరతో పట్టేవారికి సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగి ఉండే గాలం) 2021 నుంచి తప్పనిసరి అయింది, చేపను కొక్కెంతో పొడిచి పైకి లాగడాన్ని 2022లో నిషేధించారు. ప్లాస్టిక్ ఎరలకు ఉండే మూడు ముళ్ల గాలాలను (ట్రెబుల్ హుక్కులను) మాత్రం తీరమంతటికీ వర్తించే నియమంతో ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కో ఎరకు రెండు మూడు ట్రెబుల్ హుక్కులు ఉంటే అవి నోటితోపాటు మొప్పలను, కంటిని చీలుస్తాయి. వాటి స్థానంలో ముల్లు నొక్కేసిన ఒంటి గాలం పెట్టాలని, స్లాట్ దాటిన చేపను నీటిలోనుంచి పైకి ఎత్తకూడదని వచ్చే బహిరంగ విచారణలో రాతపూర్వకంగా కోరదాం. వీటిలో దేనివల్లా కూరకు ఒక్క చేప పట్టుకునేవారికి నష్టం లేదు.

కేప్ కాడ్ కాలువ గట్టు

ఒంటి గాలం విషయంలో సంతకం చేస్తాను. అఖాతాన్ని వదిలేయడంతో మాత్రం ఏకీభవించను. హడ్సన్‌కు వెళ్లే చేప గుడ్లు పెట్టడానికి ముందు కొన్ని వారాలు రారిటన్‌లోనే బంకర్ తింటూ ఆగుతుంది, వేట ఒత్తిడి అన్నిటికంటే ఎక్కువగా ఉండేది అక్కడే. నది ఎగువను మూసి అఖాతాన్ని తెరిచి ఉంచితే ఆ పడవలన్నీ కిందికి వస్తాయి.

కూర కోసం ఒక్కటి

రారిటన్ గారి ప్రతిపాదనకు నేనూ సంతకం చేస్తాను, ఒక షరతుతో: ఒక మనిషి రోజుకు ఎన్ని చేపలను వదిలేయవచ్చో దానికి కూడా పరిమితి కోరాలి. అమలు కష్టమంటారని తెలుసు. అద్దె పడవలకు మాత్రం అది కష్టం కాదు, వాటికి ప్రతి ప్రయాణానికీ నివేదిక రాయించవచ్చు. ముందుగా అక్కడ మొదలుపెట్టమని రాయండి.